1350 అని చెక్కిన రాయి: అబిడ్స్‌లో మీ ఆఫీసు బిల్డింగు వయసెంత?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీరు పనిచేసే ఆడిటరు ఆఫీసు అబిడ్స్‌లో రెండు రోడ్లు కలిసే మూల మీద, గ్రౌండ్ ఫ్లోరు కాక పైన రెండంతస్తులున్న పాత బిల్డింగులో ఉంది. మూల గుండ్రంగా తిరిగి ఉంటుంది. కింద రాతి కట్టడం, పైన ప్లాస్టరు. మెట్ల పక్క గోడలో ఉర్దూ ఫలకం, అందులో 1350 అనే అంకె. వెనక షెడ్డు మీద బెంగళూరు పెంకులు, వాటి మీద 1865. మీ సీనియరు "1865లో బ్రిటిష్ వాళ్లు కట్టారు" అంటున్నారు. వాచ్‌మన్ "నిజాం జమానాది సార్" అంటున్నాడు. ఓనర్లేమో కూల్చాలా, రిపేరు చేయించాలా అని ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఇది ఎప్పటిది, ఏ శైలిది, ఇంకా నిలబడుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను పాత బిల్డింగుల రిపేరు పనుల్లో జుట్టు నెరిసిన సివిల్ ఇంజనీరుని. మీరు పెట్టిన ఫొటోల్లో చాలామంది చూసేది ముందు వైపు, అంటే ఎలివేషన్. నాకు పనికొచ్చింది మాత్రం మూడో ఫొటో, ఫాల్స్ సీలింగ్ పలక ఊడిన చోట కనబడుతున్న కప్పు. బిల్డింగు వయసు చెప్పేది ముఖం కాదు, కప్పు. ముఖం ఎన్నిసార్లయినా మారుస్తారు. కప్పు మార్చాలంటే బిల్డింగు ఖాళీ చేయాలి, ఆ పని ఎవరూ అంత తేలిగ్గా పెట్టుకోరు.

ముందు 1865 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది శుద్ధ తప్పు. మనం బెంగళూరు పెంకులంటాం గానీ అవి మంగళూరువి. అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం 1865. ఆ అంకెను పెంకు మీద ముద్రలాగా వేసేవాళ్లు, ఇవాళ బిస్కెట్ ప్యాకెట్ మీద కంపెనీ మొదలైన ఏడాది వేసుకున్నట్టు. 1865 అని ముద్ర ఉన్న పెంకు 1905లో తయారైనా కావచ్చు, 1935లో అయినా కావచ్చు. పైగా పాత పెంకులు ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి ఎన్నిసార్లు మారతాయో లెక్కలేదు. మీ షెడ్డు పెంకుల మీద ఆధారపడి బిల్డింగు వయసు చెప్పడమంటే చొక్కా గుండీ చూసి మనిషి వయసు చెప్పడమే.

బ్రిటిష్ వాళ్లు కట్టారన్న మాటా నిలవదు. అబిడ్స్ నిజాం పాలన కింది ప్రాంతం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఆ పేరొచ్చింది. బ్రిటిష్ వాళ్ల అధికారం నడిచింది సికింద్రాబాద్ కంటోన్మెంటు వైపు, ఇంకా కోఠీలో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) ఉండే రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లలో. ఆ రెసిడెన్సీ బజార్లను 1933లో నిజాంకి తిరిగి ఇచ్చేశారు, ఇప్పుడు మనం సుల్తాన్ బజార్ అంటున్నది అదే. మీ బిల్డింగు ఉన్న చోటు అప్పట్లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ కిందకి వచ్చేది. ఆ మునిసిపాలిటీని హైదరాబాదులో కలిపిందీ 1933లోనే. మీ ఓనర్ల దగ్గర పాత పన్ను రసీదులుంటే ఒకసారి చూడమనండి. వాటి మీద చాదర్‌ఘాట్ పేరుంటే ఆ స్థలంలో 1933కి ముందే ఏదో ఒక కట్టడం ఉన్నట్టు. అది ఇప్పుడున్న బిల్డింగే కానక్కర్లేదు.

ఇక ఫలకం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. హైదరాబాదులో పాత రాతల మీద కనిపించే సంవత్సరాలు మూడు రకాలు: హిజ్రీ, ఫస్లీ, ఇంగ్లీషు సంవత్సరం. 1350 అన్న అంకె హిజ్రీ అయితే 1931 మే నుంచి 1932 మే దాకా. ఫస్లీ అయితే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. మధ్యలో తొమ్మిదేళ్లకు పైగా తేడా. హిజ్రీ చంద్రుడి లెక్క, మతపరమైన కట్టడాల మీద ఎక్కువ కనబడుతుంది. ఫస్లీ సర్కారు లెక్క, పంటల లెక్క. నిజాం సర్కారు కాగితాలు, కోర్టు తీర్పులు, రెవెన్యూ రికార్డులు అన్నీ అందులోనే నడిచాయి. ఫస్లీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చడానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపండి. సరిచూసుకోవాలంటే అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫస్లీది, అది వచ్చింది 1949 ఆగస్టులో. 1358కి 591 కలిపితే 1949.

మీ ఫొటోని పెద్దది చేసి చూశాను. అంకె చివర, పైన చుక్కతో ఒక అక్షరం ఉంది. అది 'ఫే', ఫస్లీకి గుర్తు. హిజ్రీ అయితే అక్కడ రెండు కళ్లలా కనిపించే 'హే' అక్షరం ఉండేది. అంకెకు ముందు మాట సగం సున్నంలో మునిగిపోయింది గానీ నాకు 'ఖుర్దాద్' అని కనబడుతోంది. హిజ్రీలో నెలలు ముహర్రం, సఫర్, రంజాన్ ఇలా ఉంటాయి. హైదరాబాదు ఫస్లీలో నెలల పేర్లు పర్షియన్‌వి. ఆజర్‌తో మొదలై దై, బహమన్ మీదుగా ఆబాన్‌తో ముగుస్తాయి. ఖుర్దాద్ ఏడోది, సుమారుగా ఏప్రిల్. అంటే మీ ఫలకం తేదీ 1941 ఏప్రిల్ ప్రాంతం. మీ వాచ్‌మన్ మాటే నిజం, నిజాం జమానాదే. కాకపోతే ఆఖరి నిజాం జమానాలో దాదాపు ఆఖరి భాగం.

ఈ తేదీ చూడగానే నాకు సంతోషం వేసింది, ఎందుకో చెప్తాను. సరిగ్గా అప్పుడే ఆ వీధుల స్వభావం మారుతోంది. వ్యాపారమంటే అంతకుముందు బేగంబజార్, అఫ్జల్‌గంజ్, మూసీకి దగ్గరగా. 1907లో నాంపల్లి స్టేషను వచ్చాక రైలు దిగిన సరుకూ మనిషీ స్టేషను రోడ్డు మీదుగా ఇటు రావడం మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేల మంది చనిపోయాక నది ఒడ్డున కిక్కిరిసి బతకడమంటేనే జనానికి భయం పట్టుకుంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు సందులు కొట్టి రోడ్లు వేశారు, పత్తర్‌గట్టిలో వరుస కమాన్ల దుకాణాలు కట్టించారు. 1935 నాటికి మొజంజాహీ మార్కెట్ లేచింది. మీ ఆఫీసు నుంచి నడిచి వెళ్లేంత దూరమే. దాన్ని ఒకసారి ఈ దృష్టితో చూడండి: కూడలిలో రెండు రోడ్ల మధ్య విసనకర్రలా విప్పుకుని, ముక్కు మీద గడియారం బురుజు. మూల స్థలాన్ని ఎలా వాడుకోవాలో ఈ ఊరికి నేర్పిన కట్టడం అదేనని నా అభిప్రాయం. మీ బిల్డింగు గుండ్రటి మూలలో ఆ పాఠమే ఉంది, చిన్న సైజులో.

ఇంకొకటి. మీ ఫలకం తేదీ తర్వాత ఏడాదికి, 1942 ఏప్రిల్ 5న, కొద్ది దూరంలోనే గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు మొదటి శాఖ తెరిచింది. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగులు పోయించిన చోటు కాబట్టి ఆ పేటకి ఆ పేరు. ఉర్దూలో తోప్ కా సాంచా. ఫిరంగుల పేట కాస్తా రూపాయల పేట అయింది. ఆ రూపాయి కూడా వేరే, ఉస్మానియా సిక్కా. 100 బ్రిటిష్ రూపాయలకి 116 సిక్కా రూపాయలు, పైన కొన్ని అణాలు. మీ ఓనర్ల పాత అద్దె పుస్తకంలో అంకెల పక్కన 'ఓ.ఎస్.' అని ఉంటే అది ఈ సిక్కాయే. 1950లు దాటాక ఆ గుర్తు కనబడదు. బ్యాంకు వస్తోందంటే చుట్టూ బీమా ఏజెంట్లు, వకీళ్లు, లెక్కలు రాసేవాళ్లు చేరతారు. వాళ్లకి గదులు కావాలి. మీ బిల్డింగు అలాంటి అద్దెల కోసమే కట్టిందని నా నమ్మకం. ఇవాళ అందులో ఆడిటరు ఆఫీసు ఉండటం చూస్తే, ఎనభై ఏళ్లలో అద్దెకున్నవాళ్లు మారారు గానీ అద్దెకు తీసుకునే వృత్తి మారలేదు.

నిజానికి ఈ బిల్డింగు విలువ నాకు కనిపించేది ఇక్కడే, దాని పాతదనంలో కాదు. హైదరాబాదులో పాత ఆఫీసు అంటే చాలాసార్లు ఒకప్పటి ఇల్లో, మహలో. సైఫాబాద్ ప్యాలెస్ సంగతి తెలిసిందే: 1888 నాటి కట్టడం, నిజాంకి ఉడుము ఎదురొచ్చిందని నివాసానికి పనికిరాకుండా పోయి ఆఫీసైందని కథ. తర్వాత సచివాలయంలో జీ బ్లాక్ అయింది, 2020లో మిగతా బ్లాకులతో పాటు కూల్చేశారు. ఎర్రమంజిల్ ఫఖ్రుల్‌ముల్క్ అనే నవాబు మహలు, తర్వాత సర్కారు ఇంజనీర్ల ఆఫీసు. కోఠీ రెసిడెన్సీ కాలేజీ అయింది. ఇలాంటి వాటిల్లో ఆఫీసు ఎప్పుడూ ఇమడదు. జనానా గదిలో రికార్డు రూము, హాలు మధ్యలో ప్లైవుడ్ పార్టిషన్లు. మీది అలా కాదు. మెట్లు నేరుగా ఫుట్‌పాత్ మీదకి దిగుతున్నాయి. లోపల హవేలీ వాకిలి లేదు. కింద రోడ్డు మీదకి షట్టర్ల దుకాణాలు, పైన సన్నటి వరండా పొడుగునా ఒకే సైజు గదులు. మొదటి రోజు నుంచీ ఆఫీసుగా కట్టిన ప్రైవేటు బిల్డింగు అది. ఆ కాలానివి ఇలాంటివి ఈ ఊళ్లో తక్కువే మిగిలాయి.

శైలి విషయానికొద్దాం. 'నిజాం శైలి' అన్న మాటను నేను వాడను, మీరూ వాడకండి. నిజాంల కాలంలో అరడజను శైలులు నడిచాయి. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలం నాటి కోఠీ రెసిడెన్సీకి యూరపు స్తంభాలు. ఇప్పటి హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషను విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టు చేతివి. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు పర్యవేక్షించి ఇక్కడికొచ్చిన మనిషి. ఆయన గుమ్మటాలూ జాలీలూ మన పాత కట్టడాల నుంచే తీసుకున్నాడు గానీ, కాచిగూడలో ముందే పోతపోసి తెచ్చిన కాంక్రీటు భాగాలు వాడాడు, అదీ 1910ల్లో! పైకి పాత పోకడ, లోపల అప్పటికి సరికొత్త సరుకు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ గీశాడు, 1939లో ప్రారంభమైంది. అది ఇంకో దారి.

మీ బిల్డింగు వీటిల్లో దేనిదీ కాదు. గుండ్రటి మూల, కిటికీల మీదుగా మూల చుట్టూ తిరిగే పొడవాటి సజ్జాలు, ఆ సజ్జాల అంచుకి మూడు సమాంతర గీతలు, మెట్ల గదికి నిలువుగా పొడుచుకొచ్చిన పలక, దాని నెత్తిన జెండా కర్ర దిమ్మ, మధ్య మెట్టు దగ్గర ఓడలో ఉన్నట్టు గుండ్రటి కిటికీ. దీన్ని ఆర్ట్ డెకో అంటారు. 1930ల్లో బొంబాయి మెరైన్ డ్రైవ్ పొడుగునా కట్టిన బిల్డింగుల కుటుంబం, 2018లో యునెస్కో గుర్తింపొచ్చిన బొంబాయి కట్టడాల్లో అవీ ఉన్నాయి. ఇక్కడి సినిమా హాళ్లు, డబ్బున్నవాళ్ల బంగళాలు, అబిడ్స్ దుకాణాలు ఆ గాలి పీల్చుకున్నాయి. అయితే మన మేస్త్రీలు పూర్తిగా లొంగలేదు. మీ నాలుగో ఫొటోలో ద్వారం చూడండి. పైనంతా గీతలు, పెట్టెలు. కింద గ్రానైటులో మాత్రం కొన తేలిన కమాను, మొజంజాహీ మార్కెట్లో ఉన్నట్టే. రాయి చెక్కే చేతికి తెలిసిన ఆకారం అది, డిజైను కాగితం మీద ఏముంటే ఏం. నాకు ఆ ద్వారమే ఈ బిల్డింగులో అన్నిటికన్నా నచ్చింది. బొంబాయిలో ఇది దొరకదు.

రాయి కూడా మనదే. ఈ ఊరు కూర్చున్నదే గ్రానైటు మీద. బంజారాహిల్స్‌లో పునాది తవ్వినవాళ్లని అడగండి ఎంత ఖర్చవుతుందో. కింది అంతస్తుకి చెక్కుడు రాయి వేయడంలో షోకు ఎంతో అవసరమూ అంతే. రోడ్డు నీళ్లు, జట్కాల చక్రాలు, మూటలు, ఇవన్నీ తగిలేది కింది గోడకే.

ఇప్పుడు ఆ మూడో ఫొటో, ఊడిన ఫాల్స్ సీలింగ్. ఇనుప గర్డర్లు మూడు నాలుగు అడుగులకొకటి, వాటి మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమాన్లు, కింద నుంచి చూస్తే అలల్లాగా. దీన్ని జాక్ ఆర్చ్ అంటారు, మేస్త్రీలు గర్డర్ల కప్పు అనేస్తారు. ఇటుకల మీద డంగు సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిసతో కొట్టిన పొర, దాని మీద షాబాద్ బండలు. గర్డరు పొట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు మీకు అర్థం కాలేదన్నారు, అది 'డార్మన్ లాంగ్', ఇంగ్లండు ఉక్కు కంపెనీ పేరు.

మీకు ఇక్కడ అనుమానం రావాలి. 1941 నాటికి సిమెంటు స్లాబు తెలియనిదా? బాగా తెలుసు. షాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలోదే, ఇప్పుడు కర్ణాటకలో కలబురగి జిల్లా. అక్కడ 1920ల్లోనే సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. మీ ఆఫీసులో కాళ్ల కింద ఉన్న బండా, సజ్జాల్లో ఉన్న సిమెంటూ ఆ సున్నపురాతి నేల బిడ్డలే. మరి కింద పాత పద్ధతి ఎందుకు? నా ఊహ చెప్తాను. తేదీ చూడండి, యుద్ధం మొదలై ఏడాదిన్నర. సిమెంటు, ఇనుము సైన్యం అవసరాలకే ముందు పోతున్నాయి. చేతిలో పాత గర్డర్లున్న కాంట్రాక్టరు వాటిని వాడేశాడు. దొరికిన కాస్త సిమెంటూ సన్నటి చువ్వలూ అవి లేకపోతే నిలవని సజ్జాలకి, మొదటి అంతస్తు పైకప్పుకి దాచుకున్నాడు. మీ ఐదో ఫొటోలో మొదటి అంతస్తు స్లాబు పెచ్చు ఊడిన చోట నున్నటి గుండ్రటి చువ్వలు కనిపిస్తున్నాయి, ఇది దానికి సరిపోతుంది.

రెండో అంతస్తు మాత్రం ఆ కాలానిది కాదు. ఆరో ఫొటోలో బయటపడ్డ చువ్వకి మెలితిప్పిన గాట్లున్నాయి. అది టోర్ స్టీల్, మన దగ్గర 1960ల నుంచి వాడకంలోకి వచ్చింది. టీఎంటీ చువ్వలు ఆ తర్వాతి కథ. నేల కూడా చూడండి: కింద రెండు చోట్లా షాబాద్ బండలు, రెండో అంతస్తులో మొజాయిక్. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధానిలో ఆఫీసు గదులకి గిరాకీ పెరిగింది. ఉన్న బిల్డింగు మీద ఒక అంతస్తు ఎక్కించడం అన్నిటికన్నా తేలిక దారి. తర్వాత ఎం.జె. రోడ్డులో గగన్ విహార్, చంద్ర విహార్, బషీర్‌బాగ్‌లో బాబూఖాన్ ఎస్టేట్ లాంటి ఎత్తు బిల్డింగులొచ్చాయి. ఆ గిరాకీ అటు మళ్లింది, మీ వీధి ఊపిరి పీల్చుకుంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి సమాధానం ఒక సంవత్సరం కాదు. కింద రెండు అంతస్తులు 1941, పైది 1960లు లేదా 70లు, షెడ్డు ఎప్పటిదైనా కావచ్చు.

నేనేమీ తప్పు చేయనివాణ్ణని ఇదంతా చెప్పట్లేదు. ఇరవై అయిదేళ్ల కిందట కోఠీ వైపు ఒక సంస్థ ఆఫీసుకి పిలిచారు, గోడ చెమ్మ పడుతోందని. ముఖం చూసి 1950ల సిమెంటు బిల్డింగు అనుకుని, చెమ్మ పట్టిన ప్లాస్టరు గీకించి గట్టి సిమెంటు ప్లాస్టరు చేయించాను. వచ్చే వానాకాలానికి గోడంతా బొబ్బలు. విప్పి చూస్తే లోపల రెండడుగుల మందం సున్నపు కట్టడం, టేకు దూలాలు. దేవిడీ (నవాబుల పాత భవంతి) ఒకదానికి ఎవరో ముందు వైపు కొత్త ముఖం తొడిగారు. పైన పటారం లోన లొటారం అంటారే, ఇది తిరగేసి, లోపలే అసలు సరుకు. సున్నపు గోడ చెమ్మని పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది, నీరు లోపలే కూర్చుంటుంది. అప్పటి నుంచి ముందు ఒక మూల జానెడు మేర గీకి చూడకుండా ఏ గోడ మీదా సంతకం పెట్టలేదు.

మూడో ప్రశ్న, నిలబడుతుందా. ఫొటోలు చూసి ఎవరూ చెప్పకూడదు. చెప్పే ఇంజనీరు దొరికితే మార్చుకోండి. నా భయాలు ఎక్కడున్నాయో మాత్రం చెప్తాను. జాక్ ఆర్చ్ కప్పు స్వతహాగా మొండిది, ఇటుక కమాను అంత తేలిగ్గా పడదు. పాడయ్యేది గర్డరు, అదీ గోడలో దూరే చివర దగ్గర. పక్కనే మరుగుదొడ్డి ఉంటే ఇంకా త్వరగా. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, చుట్టూ రాయి పగులుతుంది. మీ ఫొటోలో మెట్ల వెనక గోడకి ఏటవాలు పగులు ఒకటుంది, సరిగ్గా పైన టాయిలెట్ ఉందన్నారు. నేనైతే మొదట అక్కడ ఫాల్స్ సీలింగ్ తీయిస్తాను. గర్డరు కింది రెక్కని వైరు బ్రష్షుతో గీకి, మిగిలిన మందం కొలిపిస్తాను. మంచి చోట ఎంత, చెడ్డ చోట ఎంత అని రెండు అంకెలు చేతికొస్తే సగం టెన్షన్ తీరుతుంది.

మొదటి అంతస్తు స్లాబు వేరే జబ్బు. ఎనభై దాటిన కాంక్రీటు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి క్షార గుణం పోగొట్టుకుంటుంది. అది పోయాక లోపల చువ్వకి రక్షణ ఉండదు. దీనికి చవకైన పరీక్ష ఒకటుంది: కాంక్రీటు కాస్త చెక్కి, అప్పుడే తెరిచిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే బాగున్న చోట గులాబీ రంగు వస్తుంది, పాడైన చోట రంగు రాదు. రంగు రాని లోతు చువ్వ దాకా వెళ్లిందా లేదా అన్నదే ప్రశ్న. కింద రాతి గోడలు కట్టినప్పుడు పై అంతస్తు బరువు వాళ్ల లెక్కలో లేదు. దాన్ని మోసుకుంటూ అవి యాభై ఏళ్లుగా నిలబడ్డాయి, అది ధైర్యం. కానీ డాబా మీద కనబడుతున్న నాలుగు ప్లాస్టిక్ ట్యాంకులు, సెల్ టవరు ఎవరి లెక్కలోనూ లేవు. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే టన్ను. స్లాబు నడిమధ్యలో కాకుండా గోడల మీదకి జరపడానికి పెద్ద ఖర్చు కాదు, రేపే చేయించొచ్చు. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క ఒకటి కనిపిస్తోంది. దాన్ని లాగకండి, పైది తెగి వేరు లోపలే ఉండిపోతుంది. కోసి, వేరుకి మందు పెట్టించి, ఎండాక సున్నంతో పూడ్చాలి.

కూల్చడం గురించి ఓనర్లు అడిగితే ఈ సంగతులు చెప్పండి. 1995లో హుడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల కింద ఈ ఊరి వారసత్వ కట్టడాలకి ఒక జాబితా వచ్చింది, 2015లో ఆ నిబంధనని తీసేశారు, 2017లో తెలంగాణకి కొత్త వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్‌ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కానీ జాబితాలో లేని మామూలు ప్రైవేటు బిల్డింగుని ఏ చట్టమూ వచ్చి పట్టుకోదు, అంతా ఓనరు బుద్ధి మీదే ఉంటుంది. డబ్బు లెక్క కూడా వాళ్ల ముందు పెట్టండి. ఆ రోడ్డు మీద కొత్తగా కట్టాలంటే రోడ్డు వెడల్పుకి వదలాలి, చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలి, పార్కింగు చూపాలి. చిన్న మూల స్థలంలో ఇవన్నీ పోగా ఇప్పుడు అద్దెకిస్తున్నంత జాగా కూడా మిగలకపోవచ్చు. ఒక ఆర్కిటెక్టుతో కాగితం మీద గీయించుకుని చూస్తే చాలామంది ఓనర్లు రిపేరు వైపు మొగ్గడం నేను చూశాను. పాత బిల్డింగు మీద ప్రేమతో కాదు, చదరపు అడుగుల మీద ప్రేమతో. ఏ ప్రేమైతేనేం.

కాగితాలు వెతకాలనుకుంటే, రిజిస్ట్రేషను శాఖ ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు వెనక్కి వెళ్లాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇంటి నంబరుతో చేత్తో వెతికించాలి. ఇంకా వెనక్కి, 1910ల మొదట్లో లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు ఈ ఊరికి ఇంటింటి స్థాయిలో మ్యాపులు గీయించాడు, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగి చూడండి. మీ బిల్డింగు అందులో ఉండదు, అప్పటికి పుట్టలేదు. కానీ ఆ మూల స్థలంలో అప్పుడేముందో తెలుస్తుంది. నాకైతే ఆ కింది రాళ్లలో కొన్ని అంతకుముందు అక్కడున్న ఏదో ప్రహరీ రాళ్లేమోనని అనుమానం. కొన్నింటి మీద ఉలి గాట్లు వేరే తీరులో ఉన్నాయి.

చివరగా ఒక చిన్న పని. ఫలకం మీద ఈసారి రంగులేసేవాళ్లు ఎనామిల్ పూయకుండా చూడండి. నెల పేరున్న వరుసకి దిగువన రెండో వరుస ఉంది, ఫొటోలో సున్నం అడ్డొచ్చి సగమే కనబడుతోంది. ఎవరిదో పేరు. సాయంత్రం లైట్లు ఆర్పేసి, రాయికి ఆనించి పక్క నుంచి టార్చి వేసి ఇంకో ఫొటో తీసి పెట్టండి, లోతు అక్షరాలకి నీడ పడి చదవడానికి వస్తుంది. ఉర్దూ బాగా వచ్చిన మిత్రుడు ఒకరున్నారు, చదివించి మళ్లీ రాస్తాను.